డెబ్బై రెండు వేల టన్నుల విషం లెక్క



2023 జులై 7న అమెరికాలోని కెంటకీ రాష్ట్రంలో, బ్లూగ్రాస్ అనే సైనిక డిపోలో, ఒక పాత రాకెట్టును ధ్వంసం చేశారు. ఎం-55 రకం రాకెట్టు. లోపల సారిన్ అనే విషం. నరాలను పట్టేసి, ఊపిరి ఆడకుండా చేసి, నిమిషాల్లో మనిషి ప్రాణం తీసే ద్రవం అది. ఆ డిపోలో ఇలాంటి రాకెట్ల పొట్టలోంచి యంత్రాలు విషాన్ని వంపి తీస్తే, కాస్టిక్ సోడా, వేడినీళ్లు కలిపి దాన్ని విరిచేసేవారు. ఆ రోజుతో డిపోలో పని అయిపోయింది. అమెరికా మొత్తంలోనూ అయిపోయింది. ప్రపంచ దేశాలు 'మా దగ్గర ఇంత ఉంది' అని అధికారికంగా ఒప్పుకున్న రసాయన ఆయుధ నిల్వల్లో ఆఖరిది అదే. మొత్తం లెక్క 72,304 టన్నులు. ఒక జాతి ఆయుధాన్ని, ప్రకటించిన మేరకు, ఆఖరి బొట్టు దాకా అంతర్జాతీయ తనిఖీదారుల కళ్లెదుట నాశనం చేయడం చరిత్రలో అదే మొదటిసారి.

యుద్ధం మొదలైతే పతాక శీర్షిక. ఆయుధాలు పోతే లోపలి పేజీలో నాలుగు వాక్యాలు. అందుకని ఇవాళ శాంతి గురించి పెద్ద మాటలు పక్కన పెట్టి, ఈ లెక్క ఎలా తేలిందో చెబుతాను. దేశాలు వట్టి మాట ఇచ్చినంత కాలం ఈ విషం పెరుగుతూనే పోయింది. పరాయి దేశం మనిషిని గోడౌన్లోకి రానిచ్చి, తాళం తీసి చూపించడానికి ఒప్పుకున్నాకే తరగడం మొదలైంది. నేను చెప్పదలచుకున్నది ఇంతే.

మాట ఇవ్వడం కొత్త సంగతి కాదు. 1899లోనే హేగ్ నగరంలో సమావేశమైన రాజ్యాలు, ఊపిరాడనివ్వని వాయువుల్ని వెదజల్లడానికే తయారుచేసిన గుండ్లను యుద్ధంలో వాడబోమని ప్రకటించాయి. జర్మనీ కూడా సరేనంది. 1915 ఏప్రిల్ 22 సాయంత్రం, బెల్జియంలోని ఈప్ర్ పట్టణం దగ్గర, జర్మన్ సైన్యం దాదాపు 6,000 సిలిండర్ల మూతలు విప్పింది. 150 టన్నులకు పైగా క్లోరిన్ గాలివాటున కందకాల మీదికి పాకింది. అక్కడ ఫ్రెంచి జెండా కింద ఉన్నవాళ్లలో చాలామంది అల్జీరియా నుంచి తెచ్చినవాళ్లు. మరి హేగ్‌లో ఇచ్చిన మాటో? మేం గుండ్లు పేల్చలేదు, సిలిండర్లు విప్పాం, అంతే కదా అన్నారు. వకీలు తెలివి.

ఆ ప్రయోగాన్ని దగ్గరుండి నడిపించిన శాస్త్రవేత్త ఫ్రిట్జ్ హేబర్. గాలిలో ఉన్న నత్రజని నుంచి అమ్మోనియా తీసే మార్గం కనిపెట్టినవాడు. ఇవాళ గోదావరి డెల్టాలో రైతు చల్లే యూరియాకు మూలం ఆ అమ్మోనియాయే. ఆ పనికే ఆయనకు 1918 సంవత్సరపు నోబెల్ బహుమతి ఇచ్చారు. అన్నం పెట్టే రసాయన శాస్త్రం, ఊపిరి తీసే రసాయన శాస్త్రం ఒకే బుర్రలో ఇమిడి ఉన్నాయన్న సంగతి గుర్తుపెట్టుకోండి. రసాయన ఆయుధాల నిషేధంలో అసలు చిక్కంతా అక్కడే ఉంది.

ఈప్ర్ కథలో మనవాళ్లూ ఉన్నారు. నాలుగు రోజుల తర్వాత, ఏప్రిల్ 26న, బ్రిటిష్ భారత సైన్యంలోని లాహోర్ డివిజన్‌ను అదే రంగంలో ఎదురుదాడికి దింపారు. వాళ్ల మీదికీ క్లోరిన్ వదిలారు. అప్పటికి వాళ్ల దగ్గర గ్యాస్ మాస్కులు లేవు. తడి గుడ్డ ముక్కుకు అడ్డం పెట్టుకోవడమే. జమేదార్ మీర్ దస్త్ అనే అఫ్రీదీ పఠాన్, పై అధికారులు పడిపోయాక తన ప్లటూన్‌ను తానే నడిపించి, ఆ పొగలోనే, తుపాకీ గుళ్ల మధ్య ఎనిమిది మంది అధికారుల్ని మోసుకు రావడానికి సాయపడ్డాడు. విక్టోరియా క్రాస్ ఇచ్చారు. పతకం వచ్చింది గానీ, పీల్చిన గ్యాస్ ఆయన్ని వదల్లేదు.

మొదటి ప్రపంచ యుద్ధం ముగిసేసరికి అన్ని పక్షాలూ గ్యాస్ వాడాయి. క్లోరిన్ తర్వాత ఫాస్జీన్, 1917లో మస్టర్డ్ గ్యాస్. ఈ చివరిది పేరుకు గ్యాసే గానీ నిజానికి నూనెలాంటి ద్రవం. తగిలినప్పుడు ఏమీ తెలియదు. కొన్ని గంటలు గడిచాక ఒంటి నిండా బొబ్బలు, కళ్లు మూతపడటం, ఊపిరితిత్తుల్లో పుండ్లు. ఆ భయంతోనే 1925 జూన్ 17న జెనీవాలో మరో ఒప్పందం రాసుకున్నారు. రసాయన ఆయుధాలు వాడరాదు అన్నారు. తయారు చేయరాదు అనలేదు, దాచుకోరాదు అనలేదు, ఎవరు దాచుకున్నారో చూసే ఏర్పాటూ పెట్టలేదు. ఎదుటివాడు వాడితే మేమూ వాడతాం అని చాలా దేశాలు పక్కన షరతు కూడా రాసుకున్నాయి. జెనీవా ఒప్పందానికి ఆమోదం తెలిపిన ఇటలీ పదేళ్లు తిరక్కుండా 1935-36లో ఇథియోపియా మీద విమానాల నుంచి మస్టర్డ్ గ్యాస్ కురిపించింది. ఇథియోపియా చక్రవర్తి హైలే సెలాసీ స్వయంగా నానాజాతి సమితికి వెళ్లి మొరపెట్టుకున్నాడు. విన్నారు, అంతే.

సారిన్ పుట్టుక ఇంకా విడ్డూరం. 1930ల చివర్లో జర్మనీలో గెర్హార్డ్ ష్రాడర్ అనే రసాయన శాస్త్రవేత్త పురుగుమందు కోసం వెతుకుతున్నాడు. ముందు టాబున్, తర్వాత సారిన్ చేతికొచ్చాయి. పురుగుకి పనికొచ్చింది మనిషికీ పనికొచ్చింది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అమెరికా, సోవియట్ యూనియన్ ఈ సరుకును వేల టన్నుల్లో వండుకుని సొరంగాల్లోనూ షెడ్లలోనూ పేర్చుకున్నాయి.

1988 మార్చి 16న ఇరాక్ విమానాలు తమ దేశంలోనే ఉన్న కుర్దుల ఊరు హలబ్జా మీద మస్టర్డ్ గ్యాస్, నరాల విషాలు కలిపి కురిపించాయి. మూడు వేల నుంచి ఐదు వేల మంది చనిపోయారని అంచనా. అందులో ఎక్కువమంది ఆడవాళ్లు, పిల్లలు. ఇరాక్ అధినేత సద్దాం హుస్సేన్ ఆ విషాల ముడిసరుకుల్ని ఆకాశం నుంచి తెచ్చుకోలేదు, బజార్లో కొన్నాడు. బాల్‌పాయింట్ పెన్ను సిరాకూ, బట్టల అద్దకానికీ వాడే థయోడైగ్లైకాల్ అనే రసాయనం మస్టర్డ్ గ్యాస్‌కు కూడా ముడిసరుకే. దాన్ని ఇరాక్‌కు సరఫరా చేసిన ఫ్రాన్స్ వాన్ ఆన్‌రాట్ అనే డచ్ వ్యాపారికి 2005లో నెదర్లాండ్స్ కోర్టు యుద్ధ నేరాల్లో పాలుపంచుకున్నందుకు 15 ఏళ్ల జైలుశిక్ష వేసింది. వ్యాపారి దొరికాడు, సంతోషమే. కానీ పదిహేడేళ్లు పట్టింది.

ఇక అసలైన రసాయన ఆయుధాల నిషేధ ఒప్పందం సంగతి. 1993 జనవరిలో పారిస్‌లో సంతకాలు మొదలయ్యాయి. 1997 ఏప్రిల్ 29న అమల్లోకి వచ్చింది. దీన్ని నడిపించడానికి హేగ్‌లోనే ఓపీసీడబ్ల్యూ అనే సంస్థను పెట్టారు. ఈసారి వాడకాన్నే గాక తయారీని, నిల్వను, అమ్మకాన్ని కూడా నిషేధించారు. ఉన్నదంతా ప్రకటించాలి. ప్రకటించినదాన్ని లెక్క చూపించి నాశనం చేయాలి. తనిఖీదారులు వస్తారు, డబ్బాలు లెక్కపెడతారు, సీళ్లు వేస్తారు, కెమెరాలు బిగిస్తారు, ధ్వంసం జరుగుతున్నంతసేపూ అక్కడే కూర్చుంటారు.

ఇంత అపనమ్మకం మీద శాంతి ఎలా నిలబడుతుంది అని కొందరు అడుగుతుంటారు. అన్నదమ్ములు పొలం పంచుకునేటప్పుడు సర్వేయరును పిలిచి, గొలుసు పట్టించి, హద్దురాళ్లు పాతించుకోవడం లేదా? ద్వేషం ఉండి కాదు, రేపు ద్వేషం రాకుండా. తనిఖీ కూడా ఆ వరసలోదే.

ఇక్కడ మన దేశం పాత్ర చెప్పకపోతే అన్యాయం. 1992 ఆగస్టులో భారతదేశం, పాకిస్తాన్ ఒక ఉమ్మడి ప్రకటన చేశాయి. రసాయన ఆయుధాలు తయారు చేయబోమని, ఉంచుకోబోమని. ఐదేళ్లు గడిచి 1997లో అంతర్జాతీయ ఒప్పందం అమల్లోకి రాగానే, మన ప్రభుత్వం తన దగ్గర మస్టర్డ్ గ్యాస్ నిల్వ ఉందని బయటపెట్టింది. 1,044 టన్నులు. పాకిస్తాన్‌కు కోపం వచ్చింది, రాదా మరి. 1992 నాటి మాట పక్కన 1997 నాటి కాగితం పెట్టి చూస్తే ఏ భారతీయుడికైనా కాస్త ఇబ్బందిగానే ఉంటుంది. కానీ నేను దీన్ని ఇంకో వైపు నుంచి చూస్తాను. ఇరుగుపొరుగు ప్రకటనకు తనిఖీ లేదు, నిజం బయటికి రాలేదు. తనిఖీ ఉన్న ఒప్పందం వచ్చింది, నిజం దానంతటదే బయటికొచ్చింది. పొడిగించిన గడువు దాటకుండా, 2009 మార్చికల్లా, ఆ నిల్వ మొత్తాన్నీ నాశనం చేశాం. చెప్పినదాన్ని చెప్పినట్టు చేసిన దేశాల్లో మనది ఒకటి. ఈ సంగతి పాఠ్యపుస్తకాల్లో ఒక పేరా అయినా ఉండాల్సింది.

మొదట పని ముగించింది అల్బేనియా, 2007లో. కమ్యూనిస్టుల కాలంలో కొండల్లో కట్టిన బంకర్లలో దాదాపు 16 టన్నుల విషం, ఎక్కువగా మస్టర్డ్ గ్యాస్, దాచి, ప్రభుత్వమే మరచిపోయింది. డబ్బాల మీద చైనా అక్షరాలు. ఆయుధాన్ని కొనడానికి దేశాలకు ఉన్న జ్ఞాపకశక్తి దాచినచోటు విషయంలో ఉండదు కాబోలు. రష్యా దగ్గర ఏకంగా 40,000 టన్నులు. ఉద్మూర్తియా ప్రాంతంలోని కిజ్నేర్ కేంద్రంలో 2017 సెప్టెంబర్ 27న చివరి గుండు నాశనమైంది.

తయారుచేయడం కన్నా చెరపడం ఎంత కష్టమో కెంటకీ కథ చెబుతుంది. 1984లో అమెరికా సైన్యం బ్లూగ్రాస్ డిపో పక్కనున్న రిచ్‌మండ్ ఊరివాళ్లకు, ఈ విషాన్ని ఇక్కడే కొలిమిలో కాల్చేస్తాం అని చెప్పింది. ఊరివాళ్లు ఎదురుతిరిగారు. ఆయుధాలు పోవడం వాళ్లకూ ఇష్టమే, పొగ తమ పిల్లల మీదికి రావడం ఇష్టం లేదు. వియత్నాం యుద్ధంలో పనిచేసి వచ్చి కొయ్యపని చేసుకుంటున్న క్రెయిగ్ విలియమ్స్ అనే ఆయన ముందుకొచ్చాడు. ఆయుధాల నాశనాన్ని అడ్డుకుంటున్నారన్న నింద పడుతూనే, కాల్చకుండా నీళ్లలో విరిచే పద్ధతి కోసం ఏళ్ల తరబడి వాషింగ్టన్ చుట్టూ తిరిగాడు. 1996లో అమెరికా కాంగ్రెస్ వేరే పద్ధతులు చూడమని ఆదేశించింది. బ్లూగ్రాస్‌లో ఉన్నది దాదాపు 475 టన్నులు. ప్లాంటు కట్టి పని మొదలుపెట్టేసరికి 2019. ఒప్పందం ఇచ్చిన ఆఖరి గడువు 2012. గడువు తప్పింది, నిజమే. గడువు కోసం ఆ ఊరిమీద పొగ వదిలితే ఏమయ్యేదో గానీ, నాకైతే ఈ ఆలస్యం తప్పుగా అనిపించదు. శాంతి పేరుతో చేసే పనికి కూడా ఊరివాళ్ల సమ్మతి కావాలి.

నిల్వలు పోయాయి, మరి ఫ్యాక్టరీలో? హేబర్ నాటి చిక్కు ఇక్కడ మళ్లీ వస్తుంది. ఫాస్జీన్ ఒకప్పుడు యుద్ధంలో వేలమందిని చంపింది. ఇవాళ అదే ప్లాస్టిక్కుకూ మందులకూ పురుగుమందులకూ ముడిసరుకు. దాన్ని నిషేధిస్తే పరిశ్రమ ఆగిపోతుంది. అందుకే ఒప్పందం రసాయనాల్ని పట్టికలుగా విడగొట్టింది. కొన్నింటిని దాదాపు పూర్తిగా ఆపేసింది, కొన్నింటిని ఎంత చేశారో ఎవరికి అమ్మారో చెప్పమంది. ఏ పట్టికలోనూ లేని మామూలు సేంద్రియ రసాయనాలైనా ఏడాదికి 200 టన్నులు దాటి తయారుచేసే ప్లాంటు ఉంటే ప్రకటించాల్సిందే. జీడిమెట్ల, పాశమైలారం, పరవాడ లాంటి చోట్ల పెద్ద ఎత్తున మందుల ముడిసరుకు తయారు చేసేవాళ్లకు ఈ నియమం తెలిసే ఉంటుంది.  మన దేశంలో దీనికోసం 2000లో ప్రత్యేక చట్టమే చేశారు.

ఇలాంటి ప్లాంటుకు తనిఖీ వస్తే, 120 గంటల ముందు నోటీసు వస్తుంది. వేర్వేరు దేశాల ఇంజినీర్లు, కెమిస్టులు నలుగురో ఐదుగురో దిగుతారు. రియాక్టర్లు, పైపులైన్లు, గోడౌన్లు చూస్తారు, రిజిస్టర్లు తిరగేస్తారు. వాళ్లకు మీ లాభనష్టాలతో పని లేదు, మీ తయారీ రహస్యాలు బయటికి పొక్కకుండా కట్టుబాట్లు ఉన్నాయి. నిషేధించిన సరుకు ఇక్కడ చేయడం లేదు కదా అన్నదే ప్రశ్న. సాధారణంగా ఒక్క రోజు పని. ప్రపంచ శాంతి అనగానే ఐక్యరాజ్యసమితి భవనం, జెండాలు కళ్లముందు మెదులుతాయి. హెల్మెట్ పెట్టుకుని పైపు వెంబడి నడుస్తూ వాల్వుల నంబర్లు రాసుకునే ఈ మనిషి మెదలడు. 2013లో నోబెల్ శాంతి బహుమతి ఓపీసీడబ్ల్యూకి ఇచ్చినప్పుడు నిజానికి అది ఇలాంటివాళ్లకే ఇచ్చారు.

ఈ ఏర్పాటుకు మచ్చలు లేవని చెప్పను. సంస్థ మొదటి అధిపతి, బ్రెజిల్ దౌత్యవేత్త జోసే బుస్తానీ, ఇరాక్‌ను ఒప్పందంలోకి తేవాలని ప్రయత్నించాడు. ఇరాక్ మీద యుద్ధానికి సిద్ధమవుతున్న అమెరికాకు అది రుచించలేదు. 2002 ఏప్రిల్‌లో ప్రత్యేక సమావేశం పెట్టించి 48 ఓట్లతో ఆయన్ని పదవిలోంచి దింపించింది. వద్దన్నవాళ్లు ఏడుగురే. 43 దేశాలు గోడ మీద కూర్చున్నాయి. మరుసటి ఏడాది అంతర్జాతీయ కార్మిక సంస్థ ట్రిబ్యునల్ ఆ తొలగింపు చెల్లదని తీర్పిచ్చింది. అప్పటికి ఇరాక్ యుద్ధం మొదలై నెలలు గడిచాయి.

సిరియా ఇంకో గుణపాఠం. 2013 ఆగస్టు 21న డమాస్కస్ శివార్లలోని గౌతాలో సారిన్ దాడి జరిగాక, ఆ దేశం ఒప్పందంలో చేరి 1,300 టన్నులు అప్పగించింది. అందులో పెద్ద భాగాన్ని ఏ దేశమూ తన నేల మీద దించుకోవడానికి ఇష్టపడకపోతే, కేప్ రే అనే అమెరికన్ ఓడలో యంత్రాలు బిగించి, మధ్యధరా సముద్రంలోనే దాదాపు 600 టన్నుల్ని విరిచేశారు. యుద్ధం నడుస్తున్న దేశం నుంచి ఇంత విషం బయటికి తీయడం చిన్న విషయం కాదు. కానీ సిరియా అంతా చూపించలేదు. 2017 ఏప్రిల్‌లో ఖాన్ షేఖూన్‌లో మళ్లీ సారిన్ దాడి, ఎనభై మందికి పైగా మృతి. 2021లో ఆ సంస్థలో సిరియా ఓటు హక్కును నిలిపేశారు. ప్రకటించినది నాశనమైంది, దాచినది మిగిలింది. అనుమానం ఉన్న దేశంలోకి అప్పటికప్పుడు వెళ్లే అత్యవసర తనిఖీ హక్కు ఒప్పందంలో ఉంది. దాన్ని అడగడానికి ఇన్నేళ్లలో ఒక్క సభ్యదేశానికీ ధైర్యం రాలేదు. నా దృష్టిలో ఈ ఒప్పందానికి ఉన్న పెద్ద లోపం సభ్యుల్లోనే ఉంది, రాతలో లేదు.

అయినా తనిఖీ అసలే లేనిచోట ఏం జరిగిందో చూడండి. 1972లో జీవాయుధాల నిషేధ ఒప్పందం వచ్చింది. తనిఖీదారులు లేరు. సంతకం పెట్టిన సోవియట్ యూనియన్ రహస్యంగా పని సాగించింది. 1979లో స్వెర్‌డ్లోవ్‌స్క్ నగరంలో ఆంత్రాక్స్ బయటికి పొక్కి అరవై మందికి పైగా చనిపోతే, చెడిపోయిన మాంసం తిన్నారని చెప్పారు. 1992లో రష్యా అధ్యక్షుడు యెల్ట్సిన్ ఒప్పుకునేదాకా అదే కథ. తనిఖీ ఏర్పాటు చేర్చాలన్న ప్రయత్నాన్ని 2001లో అమెరికా తోసిపుచ్చింది. ఇప్పటికీ లేదు.

అణ్వాయుధాల విషయంలో తనిఖీ ఉండి, పోయింది. 1987లో అమెరికా అధ్యక్షుడు రీగన్, సోవియట్ నేత గోర్బచెవ్ కుదుర్చుకున్న ఒప్పందం కింద 2,692 క్షిపణుల్ని ముక్కలు చేశారు. రష్యాలో, కిజ్నేర్ ఉన్న ఉద్మూర్తియాలోనే, వోట్కిన్‌స్క్ ఫ్యాక్టరీ గేటు దగ్గర అమెరికన్ తనిఖీదారులు ఏళ్ల తరబడి కాపురం ఉన్నారు. ఆ ఒప్పందం 2019లో రద్దయింది. దాని తర్వాత మిగిలిన న్యూ స్టార్ట్ ఒప్పందం కింద అమెరికా, రష్యా ఒకరి స్థావరాలకు ఒకరు వెళ్లి మొత్తం 328 తనిఖీలు చేశారు. 2020 మార్చిలో కోవిడ్ వల్ల ఆపారు. మళ్లీ మొదలు కాలేదు. 2023లో రష్యా పక్కకు తప్పుకుంది. ఒప్పందం గడువు 2026 ఫిబ్రవరి 5 వరకే.

రసాయన ఆయుధాల ఒప్పందంలో ఇప్పుడు 193 దేశాలున్నాయి. ఈజిప్టు, ఉత్తర కొరియా, దక్షిణ సూడాన్ చేరలేదు. ఇజ్రాయెల్ సంతకం చేసింది, ఆమోదించలేదు. వీటిలో ఏదైనా ఒక దేశం రేపు తలుపు తీస్తానంటే వెళ్లేదెవరు? ఓపీసీడబ్ల్యూలో ఉద్యోగం ఏడేళ్లకు మించి ఉండరాదన్నది మామూలు నియమం. పాత ముఖాలు పాతుకుపోకుండా పెట్టారు గానీ, రష్యా షెడ్లలో సీళ్లు వేసినవాళ్లు, కేప్ రే ఓడ ఎక్కినవాళ్లు ఎక్కువమంది ఎప్పుడో ఇళ్లకు వెళ్లిపోయారు. నిల్వలు అయిపోయాక కొత్తవాళ్లకు అసలు గుండును చూసి నేర్చుకునే అవకాశమూ లేదు. ఈ లోటు తెలిసే, ఆఖరి రాకెట్టు పోవడానికి రెండు నెలల ముందు, 2023 మేలో, హేగ్ శివార్లలో ఆ సంస్థ ఒక కొత్త ప్రయోగశాల, శిక్షణ కేంద్రం తెరిచింది. అందులో శిక్షణకు కావలసిన డబ్బు, సభ్యదేశాలు ఏటా కట్టే చందాల మీద, స్వచ్ఛందంగా ఇచ్చే విరాళాల మీద ఆధారపడి ఉంది.